లార్డ్ బర్లీ గారికి బహిరంగ లేఖ: చచ్చిపోయిన సిపాయిల జీతం ఎవరి జేబులోకి పోయింది?

మహారాజశ్రీ ఇంగ్లండ్ ఖజానా మంత్రి విలియం సెసిల్, లార్డ్ బర్లీ గారికి,

నమస్కారం అండి. మీరు 1598 ఆగస్టులో కన్నుమూశారని నాకు తెలుసు, ఈ ఉత్తరం మీ టేబుల్ మీదికి రాదనీ తెలుసు. అయినా రాస్తున్నా. మీరు బతికుండగా మీ టేబుల్ మీదికి వచ్చిన ఉత్తరాలు తక్కువేం కాదు, సేనాని లెస్టర్ ప్రభువు రాశాడు, నౌకాదళం అధిపతి హోవర్డ్ ప్రభువు రాశాడు, కౌంటీల నుంచి, అంటే మీ జిల్లాల నుంచి, పెద్దమనుషులు రాశారు, అందరూ సిపాయిల గురించి రాశారు, సిపాయిలు మాత్రం రాయలేదు. వాళ్ళలో చాలామందికి అక్షరం ముక్క రాదు. వాళ్ళ తరఫున ఎవరో ఒకరు రాయాలి కదా.

మాది పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం. మిలటరీ మాధవరం అంటే మా వైపు ఎవరైనా చెప్తారు. మా నాన్న హవల్దారుగా రిటైరయ్యాడు. నా చిన్నప్పుడు నెలకోసారి పోస్ట్‌మ్యాన్ మనీ ఆర్డర్ ఫారం తెచ్చి అరుగు మీద కూర్చునేవాడు, అమ్మ వేలికి అంటిన పిండి చీరకి తుడుచుకుని వచ్చి సంతకం పెట్టేది. నాన్న ఎక్కడున్నాడో మాకు సరిగ్గా తెలీదు, కానీ ఆ కాగితం వచ్చిందంటే బతికే ఉన్నాడని, జీతం పడిందని అర్థం. అందుకే మీ సిపాయిల గురించి చదువుతుంటే నాకు వేరే ఏ విషయం దగ్గరా రానంత కోపం వస్తోంది, తప్పుగా అనుకోకండి.

టిల్బరీ సంగతే తీసుకోండి, స్పెయిన్ ఓడల దండు మీదికొస్తోందని థేమ్స్ నది ఒడ్డున మీ సైన్యం దిగిన చోటు. 1588 జులైలో ఎసెక్స్ నుంచి 4000 మంది వచ్చారు, 20 మైళ్ళు నడిచి వచ్చారు, వచ్చేసరికి వాళ్ళకి ఒక్క పూట తిండి లేదు, ఒక రొట్టె లేదు, ఒక పీపా బీరు లేదు. అయినా శత్రువు మీదికి వెళ్ళడానికి వీళ్ళంత ఉత్సాహంగా ఉన్నవాళ్ళని నేను చూడలేదని లెస్టర్ ప్రభువే రాశాడు. తరవాత ఆగస్టులో మహారాణి ఎలిజబెత్ అక్కడికి వచ్చి వాళ్ళ ముందు నిలబడి, మీకు రావాల్సిన బహుమానం, డబ్బు వచ్చి తీరుతుంది, ఇది రాజు మాట అని చెప్పింది. ఆ ప్రసంగం ఇవాళ్టికీ ప్రపంచమంతా చదువుతోంది అండి, ఆడదాని శరీరమైనా నాది రాజు గుండె అన్న ముక్క అందరికీ నోటికొచ్చు. చివర్లో ఉన్న ఆ డబ్బుల మాట ఎవరికీ గుర్తులేదు. నాకు గుర్తుంది.

అదే ఆగస్టులో యుద్ధం ఓడల్లోంచి దించిన జనం మార్గేట్ అనే రేవు ఊరి వీధుల్లో చస్తుంటే, ఇంత బాగా పోరాడినవాళ్ళు ఇంత దిక్కులేని చావు చస్తుంటే ఎవరి గుండైనా తరుక్కుపోతుందని హోవర్డ్ ప్రభువు మీకే రాశాడు. మీరేమో మహారాణి కార్యదర్శి వాల్సింగమ్ గారికి ఏం రాశారు? సముద్రం మీద అంతమంది చచ్చిపోతే వాళ్ళ జీతం కూడా వాళ్ళతోపాటే ఎందుకు చావలేదో ఆశ్చర్యంగా ఉంది అని. అది ఓడలవాళ్ళ గురించి మీరు అన్న మాట, కాలిబంట్ల గురించి కాదు, ఒప్పుకుంటా. కానీ ఖజానా ఒకటే కదా, తాళంచెవి మీ దగ్గరే కదా. ఖజానాలో డబ్బు లేదనీ తెలుసు, ఒకపక్క నెదర్లాండ్స్, ఒకపక్క ఫ్రాన్సు, ఇంకోపక్క ఐర్లండ్, అన్నిచోట్లా యుద్ధాలే, మీరు రాత్రుళ్ళు దీపం పెట్టుకుని లెక్కలు వేసేవారనీ తెలుసు. కానీ ఆ మాట మాత్రం నాకు మింగుడు పడట్లేదు.

అసలు ఎవర్ని తీసుకెళ్ళారు మీరు? 16 నుంచి 60 ఏళ్ళ మగవాళ్ళందరి పేర్లూ రాసుకున్నారు, అందులో కాస్త ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్ళని 1573 నుంచి ట్రైన్డ్ బ్యాండ్లనే స్థానిక దళాల్లో పెట్టి శిక్షణ ఇచ్చారు, మంచి కవచం, మంచి తుపాకీ వాళ్ళకే, మళ్ళీ వాళ్ళని సముద్రం దాటించకూడదని రూలు. సముద్రం దాటాల్సింది ఎవరయ్యా అంటే దిక్కూమొక్కూ లేనివాడు, పని లేక రోడ్డు మీద తిరిగేవాడు, జైల్లో ఉన్నవాడు, కానిస్టేబుల్‌కి గిట్టనివాడు. శిక్షణ ఉన్నవాడు ఇంట్లో, శిక్షణ లేనివాడు యుద్ధంలో. ఇది ఎవరికి న్యాయంగా అనిపించిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

1596 ఈస్టర్ గుర్తుందా అండి మీకు? స్పానిష్ వాళ్ళు ఫ్రాన్సులోని కలే రేవుని ముట్టడించారని ఆర్డర్ వచ్చింది, లండన్‌లో వెయ్యి మంది కావాలి, అదీ ఆ పూటే. పండగ రోజు, పొద్దున పది గంటల వేళ, జనమంతా చర్చిల్లో ఉన్నారు, ఏసు ప్రభువు రొట్టె తీసుకుంటున్నారు. బయట నుంచి తలుపులు వేసేశారు. కావాల్సిన లెక్క తేలేదాకా తలుపులు తియ్యలేదు. ఒకసారి ఊహించుకోండి, పెళ్ళాం పక్కన మోకాళ్ళ మీద ఉన్న మనిషి, పండగ బట్టల్లో ఉన్న మనిషి, భుజం మీద చెయ్యి పడితే లేచి వెళ్ళిపోవడమే. సాయంత్రానికల్లా ఆయుధాలిచ్చి నడిపించేశారు. తీరా కొద్దిరోజుల్లోనే కలే పడిపోయింది, ఆ వెయ్యి మందినీ పొమ్మన్నారు. దేవుడి గుడిలోంచి కూడా లాక్కెళ్తే ఇంక మనిషికి నీడ ఎక్కడుంది అండి?

ఇప్పుడు అసలు విషయం, జీతం. రోజుకి 8 పెన్నీలు. ఊళ్ళో కూలీకి వచ్చేదీ ఇంచుమించు అంతే. ఏడాదంతా లెక్క కడితే 12 పౌన్ల 3 షిల్లింగుల 4 పెన్నీలు, కాగితం మీద. అందులోంచి తిండికి కోత, శీతాకాలం బట్టలకి కోత, ఎండాకాలం బట్టలకి కోత, చాలాచోట్ల తుపాకీమందుకి కూడా కోత! తన తుపాకీలో మందు తన జీతంలోంచే కొనుక్కుని మీ శత్రువుని కాల్చాలా? అదీ మస్కెట్ అంటే 20 పౌన్ల దాకా బరువు, కొయ్య పంగ మీద ఆనించి కాల్చాల్సిందే, చేత్తో పట్టుకుని కాల్చేది కాదు. పైక్ అనే ఈటె అయితే 16 అడుగుల పొడుగు, ముందురోజు దాకా విల్లు తప్ప వేరేది ముట్టనివాడి చేతిలో పెట్టి పడవెక్కించేవారు. 1595లో మీ మంత్రుల కౌన్సిలే విల్లు ఇంక పనికిరాదని తేల్చింది, మంచిదే, కానీ కొత్త ఆయుధం నేర్పడానికి టైం ఏది?

కోటు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కోటుకి 4 షిల్లింగులు, రేవు దాకా నడవడానికి మైలుకి అర పెన్నీ, ఇదీ మీ రేటు. ముందు కౌంటీ వాళ్ళు చేతి డబ్బు పెట్టుకోవాలి, తరవాత ఖజానా తిరిగిస్తుంది. కౌంటీల వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగారు, మీ ఆఫీసు ఆలస్యం చేసింది, దాంతో ఊళ్ళవాళ్ళు పల్చటి బట్టతో కోటు కుట్టించి చేతులు దులుపుకునేవారు. శీతాకాలం లిస్టులో కెంట్ బట్ట కాసక్ (పైకోటు), కాన్వాస్ డబ్లెట్ (లోపలి చొక్కా), మూడు జతల తోలు బూట్లు అని చక్కగా రాసుంది. లిస్టులో ఉన్న మూడు జతల బూట్లు ఐర్లండ్ బురదలో నిలబడ్డవాడి కాళ్ళకి ఎందుకు లేవు? కంట్రాక్టరు తిన్నాడా, కెప్టెన్ తిన్నాడా? మా నాన్న ట్రంకు పెట్టెలో రెండు జతల బూట్లు పాలిష్ చేసి ఉండేవి, నా చేత్తో ముట్టుకున్నా, సిపాయికి బూటు అంటే ఏంటో నాకు తెలుసు.

ఇంక కెప్టెన్లు. జీతం మొత్తం కెప్టెన్ చేతికే ఇచ్చారు, సిపాయి చేతికి కాదు. పైగా వందకి పది పేర్లు మనుషులు లేకపోయినా ఉన్నట్టు రాసుకుని ఆ జీతం తీసుకోవచ్చని మీరే వదిలారు. ఆ పదితో ఆగుతారా? చచ్చినవాడి పేరు రోల్‌లో ఉన్నంతకాలం వాడి 8 పెన్నీలు కెప్టెన్‌కే. సిపాయి బతికితే తిండి పెట్టాలి, చస్తే లాభం. చావులో లాభం పెట్టి ఆ చేతికే మనుషుల్ని అప్పగిస్తారా అండి? చచ్చినవాళ్ళ జీతం ఎందుకు చావలేదని మీరు అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే, అది చావలేదు, చేతులు మారింది. వాడి పెళ్ళాం గుమ్మం దాకా మాత్రం రాలేదు.

1589లో పోర్చుగల్ దండయాత్ర నుంచి తిరిగొచ్చిన సిపాయిలు లండన్‌లో జీతం అడిగితే మార్షల్ లా పెట్టి కొందర్ని ఉరి తీశారు. 1593లో వికలాంగులైనవాళ్ళకి పెన్షన్ చట్టం చేశారు, దానికి మనస్ఫూర్తిగా దండం పెడతాను, సామాన్య సిపాయికి ఏడాదికి 10 పౌన్లు మించకుండా అన్నారు. కానీ దానికి సర్టిఫికెట్ కావాలి, సీలు కావాలి, తనని పట్టుకెళ్ళిన కౌంటీకే కాలు లేనివాడు కుంటుకుంటూ వెళ్ళాలి. 1597 వచ్చేసరికి పాస్, అంటే ప్రయాణానికి అనుమతి కాగితం, లేకుండా తిరిగే సిపాయికి మరణశిక్ష దాకా చట్టం తెచ్చారు. ఆ పాస్ ఇవ్వాల్సింది ఎవరు? మళ్ళీ పైవాళ్ళే!

నేను అడిగేది పెద్దదేం కాదు. జీతం మనిషి చేతికివ్వండి. బట్టలు, తుపాకీమందు డబ్బు జీతంలో కొయ్యకండి. మళ్ళీ చెప్తున్నా, జీతం మనిషి చేతికే ఇవ్వండి, వాడు లేకపోతే వాడి ఇంటికి పంపండి. కౌంటీలకి బాకీ తీర్చండి. టిల్బరీలో మహారాణి అన్న మాట నిలబెట్టండి. ఆ ఈస్టర్ పొద్దున తలుపులు తీశాక, తన పక్క ఖాళీ అయిపోయిన ఆడమనిషికి ఆయన్ని ఎక్కడికి తీసుకెళ్ళారో, జీతం ఎవర్ని అడగాలో ఎవరైనా ఒక్కరు చెప్పారా? కనీసం అది చెప్పించండి.

ఇట్లు,
మాధవరం హవల్దారు గారి అమ్మాయి