స్ట్రోక్ పరిశోధన: విఫలమైన ప్రయోగాలకూ విలువ ఇవ్వాలి

సంపాదకులకు,

బ్రెయిన్ స్ట్రోక్ వచ్చినప్పుడు మెదడు కణాల్లో ఏం జరుగుతుందో శోధిస్తున్న యువ పరిశోధకురాలిపై మీరు ప్రచురించిన కథనం చదివాను. ఆమె పనిని చక్కగా పరిచయం చేసిన మీ విలేకరి, చివరికి మందు ఎప్పుడు వస్తుందని అడిగి ముగించారు. ఈ రంగంలో యువతను తొందరపెడుతున్నది ఆ ప్రశ్నే.

మెదడులోని పెద్ద రక్తనాళానికి గడ్డ అడ్డుపడితే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని అంచనా. అయితే వాటి చుట్టూ, పని ఆపేసినా ఇంకా చావని కణాల వలయం ఒకటి కొంతసేపు నిలిచి ఉంటుంది. దాన్నే పెనంబ్రా అంటారు. అక్కడ నాడీకణాల మధ్య సంకేతాలను మోసే గ్లూటమేట్ అనే రసాయనం మితిమీరి పోగుపడటంతో కాల్షియం కణాల్లోకి చొరబడి వాటిని లోపలి నుంచే నాశనం చేస్తుంది. ఈ విధ్వంసాన్ని మధ్యలో ఆపాలన్న ఆశతో 2006 నాటికే వెయ్యికి పైగా చికిత్సలను ప్రయోగాల్లో పరీక్షించారు. వాటిలో ఎలుకలను కాపాడినవి చాలానే ఉన్నా, రోగుల దగ్గరికి వచ్చేసరికి ఒకదాని వెంట ఒకటి చతికిలబడ్డాయి. ఎన్ఎక్స్‌వై-059 అనే మందు 2006లో ప్రచురితమైన పెద్ద ట్రయల్‌లో ఆశలు రేపి, మరుసటి ఏడాది వెలువడిన అంతకన్నా పెద్ద ట్రయల్‌లో తేలిపోయింది.

కారణాలు వెతికితే, ప్రయోగాలు ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్న పడుచు జంతువులపై జరిగాయి. స్ట్రోక్ బారిన పడేవారిలో ఎక్కువమంది బీపీ, షుగర్ ఉన్న పెద్ద వయసువారు. పైగా మనుషులు మెలకువగా ఉండే పగటిపూట నిద్రపోయే ఎలుకలపై ఆ వేళలోనే పరీక్షించడమూ ఒక కారణం కావచ్చని 2020లో ఒక అధ్యయనం చూపింది. ఎలుక నిశాచర జీవి అని ఎవరికి తెలియదు? అయినా దాన్ని లెక్కలోకి తీసుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఇలాంటి లోపాలు బయటపడాలంటే ఒకరు చేసిన ప్రయోగాన్ని మరొకరు తిరిగి చేసి, ఫలితం రాకపోతే రాలేదని ప్రకటించాలి. రెండు మూడేళ్ల ఫెలోషిప్‌పై బతికే పరిశోధకులకు ఆ సాహసం ఎక్కడిది? ఉద్యోగం రావాలంటే ఘనవిజయం చూపాలి కాబట్టి, ఫలించని ప్రయోగం సొరుగులోనే ఉండిపోతుంది. జంతు ప్రయోగాల్లో కనిపించిన ప్రయోజనంలో సుమారు మూడో వంతు ఈ దాపరికం వల్లే పెరిగి ఉండవచ్చని 2010లో ఒక విశ్లేషణ అంచనా వేసింది.

అందుచేత నిధులిచ్చే సంస్థలు గడువు పెంచి, ప్రతికూల ఫలితాల ప్రచురణనూ నియామకాల్లో యోగ్యతగా లెక్కించాలి. మీ పత్రిక కూడా ఇటువంటి వార్త రాసినప్పుడు, ఆ ఫలితం ఎలుకల్లోనా మనుషుల్లోనా అన్నది శీర్షికలోనే తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు