సున్నా వేసే ముందు స్కానర్‌ను ఒకసారి చూడండి

సంపాదకుల వారికి,

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కు నా కంప్యూటర్ అర్హత చాలలేదు. దాని బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాను. తెలుగు టైపు, బ్యాంకు పనులు, ప్రింటింగ్ అన్నీ సాఫీగానే సాగాయి. పదిహేనేళ్ల నాటి స్కానర్ ఒక్కటే మొండికేసింది.

నాన్నగారి భూమి కాగితాలు స్కాన్ చేసి కరీంనగర్‌లో ఉన్న తమ్ముడికి పంపాలి. వాటిలో 1954-55 ఖాస్రా పహాణీ నకలు ఉంది. మడతల దగ్గర చిరుగుతున్న ఆ కాగితాన్ని జిరాక్సు దుకాణంలో ఇవ్వడానికి మనసొప్పలేదు. స్కానర్‌నే హన్మకొండ చౌరస్తా దగ్గరి ఒక కంప్యూటర్ దుకాణానికి మోసుకెళ్లాను. అక్కడి అబ్బాయి రెండు నిమిషాలు చూసి, ‘సార్, లైనక్స్‌లో ఇది రాదు, కొత్తది తీసుకోండి’ అన్నాడు.

నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాడిని. జవాబు తప్పితే ఏ మెట్టులో తప్పిందో చూడకుండా ఏ పిల్లవాడికీ సున్నా వేయలేదు. ఇంటికొచ్చి నేనే కూర్చున్నాను.

‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ (తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఆదేశం) అని టైపు చేస్తే స్కానర్ పేరు వచ్చింది. అంటే తీగ బాగుంది, యంత్రానికి ప్రాణముంది. ‘స్కాన్‌ఇమేజ్ -ఎల్’ అనే, స్కానర్లను వెతికే ఆదేశం మాత్రం స్కానర్లేవీ లేవంది. అదే ఆదేశానికి ముందు, నిర్వాహకుడి అధికారమిచ్చే ‘సుడో’ చేర్చి చూస్తే వెంటనే దొరికింది! డ్రైవర్ ఉంది, యంత్రాన్ని ముట్టుకునే అనుమతే నా ఖాతాకు లేదు. ఏ పరికరాన్ని ఎవరు వాడవచ్చో చెప్పే ‘యూడెవ్’ నియమం ఒకటి స్కానర్ గుర్తింపు సంఖ్యలతో రాసి, తీగ తీసి మళ్లీ పెట్టాను. మొదటి కాగితం చక్కగా వచ్చింది.

రెండోది సగంలో ఆగిపోయింది. ఇక్కడ రెండు రోజులు పోయాయి. సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ వేశాను, తీగ మార్చాను, ఆ దుకాణం అబ్బాయి మాటే నిజమేమోనని కూడా అనుకున్నాను. చివరికి ముందువైపు నీలిరంగు యూఎస్‌బీ 3 సాకెట్ నుంచి తీసి, వెనకవైపు పాత యూఎస్‌బీ 2 సాకెట్‌లో పెట్టాను. పాత స్కానర్లు కొన్నింటికి యూఎస్‌బీ 3తో పొసగదు. ఆ పూటే పద్దెనిమిది కాగితాలు పూర్తయ్యాయి.

లైనక్స్‌లో స్కానర్లను నడిపించే ఏర్పాటును ‘సేన్’ అంటారు. పూర్తి పేరు ‘స్కానర్ యాక్సెస్ నౌ ఈజీ’, అంటే ఇకపై స్కానింగు సులువేనట. పేరు పెట్టినవారికో నమస్కారం. అయితే ఏ నమూనా పూర్తిగా పనిచేస్తుందో, ఏది కొంతవరకో, ఏది అసలు చేయదో వారి వెబ్‌సైటులో జాబితా ఉంది. అమ్మేవారు ‘రాదు’ అనే ముందు అది తెరిచి చూడాలి. తయారీ సంస్థలు కూడా విండోస్, మ్యాక్ పేర్ల పక్కన లైనక్స్ సంగతి పెట్టె మీదే ముద్రించాలి.

పహాణీ తమ్ముడికి చేరింది. అందులోని ఉర్దూ చదివిపెట్టేవారి కోసం ఇప్పుడు ఇద్దరమూ వెతుకుతున్నాం.

– ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు, హన్మకొండ