ఆవువారీగా పాల లెక్క లేకుండా జన్యు పరీక్ష ఫలించదు

సంపాదకులకు నమస్కారం.

2024 అక్టోబరులో, ఆవుల జన్యు పరీక్షకు వాడే ‘గౌ చిప్’ విడుదలైనప్పటి నుంచి, దూడ పుట్టగానే దాని పాడి ఎంతో చెప్పేయవచ్చన్న మాట మా పాల కేంద్రం దగ్గర కూడా వినిపిస్తోంది. ఆ మాటలో నిజముంది గానీ, దానికి ముందు జరగవలసిన పని గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

పాత పద్ధతిలో ఆంబోతు సత్తా తేలాలంటే దాని పెయ్యలు పెరిగి, ఈని, పాలిచ్చేదాకా ఏళ్ల తరబడి ఆగాలి. 2001లో మ్యూవిసెన్, హేస్, గొడార్డ్ అనే శాస్త్రవేత్తలు, క్రోమోజోముల పొడవునా ఉన్న వేల జన్యు గుర్తులకు (పశువుకూ పశువుకూ డీఎన్‌ఏలో తేడా ఉండే చోట్లకు) ఒకేసారి విలువ కట్టి, వాటిని కూడి పశువు జన్యు విలువను అంచనా వేసే దారి చూపారు. గుర్తులు వేలల్లో, లెక్కలున్న పశువులు అంతకంటే తక్కువగా ఉంటాయి కనుక, ఆధారం చాలని విలువలను సున్నా వైపు కుదించే గణాంక పద్ధతులు వాడతారు. అయితే ఆ విలువలు చిప్‌లో ఉండవు. జన్యు పరీక్ష జరిగి, పాలు కూడా కొలిచిన వేల ఆవుల నుంచే అవి రావాలి.

మా ఇంట్లో నాలుగు సంకరజాతి ఆవులున్నాయి. నాలుగింటి పాలూ ఒకే క్యానులో పోసి కేంద్రానికి తీసుకెళ్తాను. చేతికిచ్చే చీటీలో లీటర్లు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం), రేటు ఉంటాయి. ఏ ఆవు ఎంతిచ్చిందో ఉండదు. చెవిపోగు మీద 12 అంకెల నంబరుంది, దాని ఎదుట పాల లెక్క మాత్రం లేదు. ఒకసారి వివరాల కోసం వచ్చిన సిబ్బంది ‘ఆవుకు సగటున ఎంత?’ అని అడిగి, నేను నోటితో చెప్పిన అంకెనే రాసుకుని వెళ్లారు. మూడో ఈత ఆవూ, తొలిచూలు పడ్డా ఆ ఒక్క అంకెలో కలిసిపోయాయి. ఈత, కాలం, మేత వేరుచేసి చూడకపోతే, దాణా బాగా పెట్టిన ఇంటి ఆవుకే మంచి జన్యువులున్నట్టు లెక్క తేలుతుంది.

విదేశీ హోల్‌స్టీన్ ఆవుల లెక్కలను అరువు తెచ్చుకోవడమూ కుదరదు, ఎందుకంటే గుర్తుకూ పాడినిచ్చే జన్యువుకూ ఉన్న సంబంధం జాతిని బట్టి మారుతుంది. మన పుంగనూరు ఆవులైతే ఉన్నవే కొద్ది. పాల కంటే ముందు, వాటి మధ్య చుట్టరికం కొలిచి, మరీ దగ్గరి జతలను తప్పించడానికే ఈ పరీక్షను వాడాలని నా అభిప్రాయం.

పశుసంవర్ధక శాఖ, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కలిసి, ముందుగా పలమనేరు, బంగారుపాళ్యం మండలాల్లోనైనా, నెలకొక రోజు రెండు పూటలా ఆవువారీగా పాలు తూచి చెవిపోగు నంబరుతో నమోదు చేయించాలని కోరుతున్నాను. ఆ లెక్క నకలు ఒకటి రైతుకూ ఇస్తే, ఏ పెయ్యను ఉంచుకోవాలో మేం ఈ ఏడాదే తేల్చుకోగలం.

భవదీయుడు,
ఒక పాడి రైతు,
పలమనేరు, చిత్తూరు జిల్లా