ఎలర్జీకి ‘ఇమ్యూనిటీ బూస్టర్’ మందు కాదు

సంపాదకులకు,

గుంటూరు యార్డుకు కొత్త మిర్చి వచ్చే రోజుల్లో తుమ్ములు, దగ్గు మామూలే. వాటిలో చాలావరకు ఎలర్జీ కానే కాదు, మిర్చిలోని క్యాప్సైసిన్ ఘాటుకు నరాలు రేగడం. ఈ రెంటినీ కలిపేసి ‘రోగనిరోధక శక్తి పెంచే’ పొడులు అమ్మేస్తున్నారు.

అసలు ఎలర్జీలో ఆ శక్తి తగ్గదు, అదుపు తప్పుతుంది. అదుపు చేసేవి టి-రెగ్ అనే తెల్ల రక్తకణాలు. 2025 వైద్య నోబెల్ వీటి పరిశోధనకే. పరుపుల్లోని డస్ట్ మైట్ల (దుమ్ములో బతికే కంటికి ఆనని పురుగుల) ఎంజైములు శ్వాసనాళపు పొరను దెబ్బతీస్తే, ఆ పొర కణాలు ఇంటర్‌ల్యూకిన్-33 అనే ప్రోటీన్‌ను వదులుతాయి. అది ఎలర్జీ లక్షణాలు పుట్టించే మాస్ట్ కణాలను రెచ్చగొట్టి ఊరుకోదు, టి-రెగ్ కణాల మీది ఎస్‌టి-2 గ్రాహకాన్నీ పట్టుకుంటుంది. ఎలుకల ఊపిరితిత్తుల్లో అప్పుడు ఈ కాపలా కణాలే వాపు పెంచే ఇంటర్‌ల్యూకిన్-13 తయారుచేస్తూ దొంగలతో చేతులు కలిపాయి. చిత్రంగా, పేగుల్లో అదే ఇంటర్‌ల్యూకిన్-33 వాటికి బలమిస్తుంది. మరి పొడి దేన్ని ‘పెంచుతుంది’?

ఎలర్జీ చర్మపరీక్షకు వెళ్లేవారు డాక్టరును అడిగి సెట్రిజిన్ అనే ఎలర్జీ మాత్ర వారం ముందే ఆపాలి. లేకుంటే దద్దు లేవక ఫలితం తప్పుగా వస్తుంది. టి-రెగ్ కణాలను పెంచే ఇమ్యునోథెరపీ (ఎలర్జీ తెచ్చే పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే చికిత్స) కనీసం 3 ఏళ్లు సాగాలి. కాస్త తగ్గగానే మానేస్తే తుమ్ములు తిరిగొస్తాయి.

— ఇమ్యునాలజీ అధ్యాపకులు, గుంటూరు