శ్రీకాకుళం అన్నకు, ఇంకా చాలామందికి కృతజ్ఞతలు

అండమాన్‌లో పడవ మీద తమ్ముడి చేతికి ప్రమాదం జరిగింది, నిన్న రాత్రి తిరుపతి చేరాం. తమ్ముడు మాత్రల మత్తులో పడుకున్నాడు. కుడిచేతి ఉంగరపు వేలు దక్కింది, మధ్య వేలు కొస తీసేశారు. అందరూ ఫోన్లు చేస్తున్నారు. విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే రాస్తున్నా, తప్పుగా అనుకోకండి.

తెలియనివాళ్ళ కోసం కొంచెం. తమ్ముడు సింగపూర్‌లో ఓడల ఇంజనీరుగా చేసి, 36 అడుగుల పాత తెరచాప పడవ కొనుక్కున్నాడు. మరదలూ వాడూ ఫుకెట్ నుంచి అందులోనే అండమాన్ వచ్చారు. నేను చెన్నైలో విమానమెక్కి పోర్ట్ బ్లెయిర్‌లో దిగి వాళ్ళతో కలిశా. (ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం, అక్కడివాళ్ళ నోట మాత్రం ఇంకా పాత పేరే.) "తిరుపతోళ్ళకు సముద్రంతో ఏం పనే" అని పెద్దమ్మ అడ్డం పడింది. 2022లో జిల్లాలు మారాక సూళ్ళూరుపేట వైపు తీరం మనదేనని నేను వాదించా. 2017లో గోవా నుంచి తారిణి పడవలో బయల్దేరి ప్రపంచం చుట్టి వచ్చిన ఆరుగురు నేవీ అమ్మాయిల్లో మన విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారని చెప్పాకే అమ్మ ఒప్పుకుంది. అసలు బారెన్ ఐలాండ్ అగ్నిపర్వతం ఫొటోలు పెడదామనుకున్నా ఇక్కడ. అవి తర్వాత.

పడవ సంగతి రెండు ముక్కలు చెప్పకపోతే ఆ అన్న చేసింది మీకు అర్థం కాదు. తెరచాప పడవకు అడుగున రెక్కలా కిందికి దిగి ఉండే బరువైన కీల్ ఉంటుంది. రెండు మీటర్ల లోతైనా లేకపోతే నేలకు తగులుతుంది. అందుకే చిన్న దీవుల్లో జెట్టీకి కట్టలేం, దూరంగా లంగరు వేసి నిలపాలి. పది మీటర్ల లోతుంటే యాభై మీటర్ల గొలుసు వదలాలి. గాలి తిరిగితే పడవా తిరుగుతుంది. లంగరు జారిందంటే కాసేపట్లో పగడపు దిబ్బ మీదే. కాబట్టి ఎవరో ఒకరు పడవలో ఉండి తీరాలి.

ఆ రాత్రి జరిగింది అదే. మధ్య అండమాన్ వైపు ఒక చిన్న దీవి దగ్గర ఉన్నాం. వానతో పాటు గాలి తిరిగింది, లంగరు జారింది. గొలుసును పైకి లాగే మోటార్ దగ్గర తమ్ముడు ఉండగా గొలుసు ఎగిరి వాడి చేతిని లోపలికి లాగేసింది. మరదలు మోటార్ ఆపింది. నేను హారన్ నొక్కుతూనే ఉన్నా.

ఒడ్డు నుంచి ఒక లైటు కదిలింది. డొంగీలో (అక్కడి చిన్న పడవ) కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడాయన. ఎక్కగానే తన తలగుడ్డ తీసి తమ్ముడి చేతిని బిగించి కట్టాడు. తర్వాత మరదలు చూపిస్తుంటే మిగిలిన గొలుసంతా వదిలి, రెండో లంగరు చేత్తోనే దించాడు. పడవ ఆగింది. మేం తెలుగులో ఏడుస్తున్నామని అప్పుడు గమనించినట్టున్నాడు. "ఏటీ అవ్వదమ్మా, పడవ నాను సూసుకుంతాను. మీరు బాబుని సూసుకోండి" అన్నాడు. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ళ నాన్న కాలంలోనే వచ్చి స్థిరపడ్డారట. పేరు రాయొద్దన్నాడు, రాయను.

ఆయన కొడుకు మమ్మల్ని ఒడ్డుకు చేర్చాడు. రాత్రి హెలికాప్టర్ రాదు కాబట్టి పొద్దున స్టీమర్‌లో పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి ఆపరేషన్ చేయించాం.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. తమ్ముడి పడవది విదేశీ జెండా. ఏ దీవికి ఎప్పుడు వెళ్తామో ముందే రాసివ్వాలి, రోజూ రేడియోలో ఎక్కడున్నామో చెప్పాలి. బయటివాళ్ళతో కలవని ఆదిమ తెగ ఉండే నార్త్ సెంటినెల్ దీవి లాంటి చోట్లకు ఎవరూ పోకుండా చూడాల్సిన సముద్రం అది, రూల్స్ ఉండాల్సిందే. కానీ ఆపరేషన్ థియేటర్ బయట నిల్చున్న నన్ను అధికారులు పిలిచి "కెప్టెన్ పడవ వదిలి ఎలా వచ్చాడు" అని అడిగితే ఏం చెప్పాలి? ఫోన్‌లో ఫొటో పనికిరాదు, పడవ ఒరిజినల్ పేపర్లే కావాలన్నారు. కెప్టెన్ సంతకం కావాలన్నారు. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. ఎడమచేత్తో పెడితే పాస్‌పోర్ట్‌లో సంతకంతో కలవలేదన్నారు! చివరికి వేలిముద్ర. నిజంగా యాష్టకొచ్చింది.

ఆ పేపర్ల కోసం నేనొక్కదాన్నే మళ్ళీ స్టీమరెక్కి ఆ దీవికి వెళ్ళా. తెల్లవారుజామున ఆయన కొడుకు డొంగీలో తీసుకెళ్ళాడు. లోపల పరుపులున్నాయి, బియ్యం ఉంది, పొయ్యి ఉంది. ఆయన మాత్రం పైన, గొలుసు పక్కన, తడి చెక్కల మీద పడుకుని ఉన్నాడు. కాలి బొటనవేలికి నైలాన్ దారం కట్టి ఉంది. దాని రెండో కొసన సీసం గుండు, సముద్రం అడుగున. పడవ జరిగితే దారం లాగుతుంది, మెలకువ వస్తుంది. పడవలో జీపీఎస్ అలారం ఉంది, ఆయనకు తెలియదు. చెప్పే తీరిక మాకు లేకపోయింది.

లోపల ఎందుకు పడుకోలేదన్నా అంటే "నా ఒళ్ళంతా సేపల కంపమ్మా, మీ పరుపులు పాడైపోవూ" అన్నాడు.

ప్రమాదం జరిగినప్పటి నుంచి ధైర్యంగా ఉన్నదాన్ని, అక్కడే కూలబడి ఏడ్చా. ఆయన ఇబ్బందిపడి క్యారియర్ తెరిచి చద్దన్నం నా ముందుకు జరిపాడు. మేం వెళ్ళినప్పటి నుంచి వలకు పోలేదట, అదీ చేపలు బాగా పడే రోజుల్లో. రోజూ సాయంత్రం కొడుకును జెట్టీ దగ్గరికి పంపి (సిగ్నల్ అక్కడే దొరుకుతుంది) "పడవ బాగుంది, పడుకోండి" అని మాకు ఫోన్ చేయించింది కూడా ఆయనే. డబ్బులు కొడుకు జేబులో పెట్టబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. మాకు ఆయన చుట్టమా, ఊరివాడా? మా సొంత వీధిలో అపార్ట్‌మెంట్ పార్కింగ్ గురించి పోట్లాడుకునేవాళ్ళం మనం.

మా ఆయన, పిల్లలు, చిన్నాయన డబ్బు సర్దారు, అమ్మను చూసుకున్నారు. వాళ్ళకు వేరే చెప్పాలా.

నేను చెప్పడం మరిచిపోయినవాళ్ళు: ఆ రాత్రి ఒక్కతే ఉండి కట్టు కట్టి ఇంజెక్షన్ ఇచ్చిన నర్సమ్మ. స్టీమర్‌లో తమ్ముడు పడుకోవడానికి తన సీటు ఇచ్చి నిలబడ్డ బెంగాలీ పెద్దాయన. రేడియోలో విని తమ మందుల పెట్టె తెచ్చిచ్చిన ఫ్రెంచ్ జంట. తర్వాత పడవను మరదలితో కలిసి పోర్ట్ బ్లెయిర్ చేర్చింది కూడా వాళ్ళే.

మీలో ఎవరైనా ఈ నెలలో పోర్ట్ బ్లెయిర్ వెళ్తుంటే మెసేజ్ పెట్టండి. ఆ శ్రీకాకుళం అన్నకు ఒక చిన్న సంచి పంపాలి. ప్రసాదం, అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి, తలకు కట్టుకునే మంచి లైటు. లంగరు చూడడానికి నీళ్ళలో మునిగినప్పుడు ఆయనది పోయింది. అక్కడి నుంచి దీవికి చేర్చడానికి స్టీమర్ జెట్టీ దగ్గర టీ కొట్టు అబ్బాయి ఒప్పుకున్నాడు.

అయ్యో, ఆ టీ కొట్టు అబ్బాయికి కూడా థాంక్స్. ఆ రెండు పూటలా వాడే టిఫిన్ పెట్టాడు.