అచ్చమాంబ విషయంలో నీకు నా జవాబు

అమ్మలూ,

మొన్న ఆదివారం ఫోన్లో, మన తెలుగులో తొలినాటి రచయిత్రి భండారు అచ్చమాంబ గురించి నువ్వన్న మాట వారం రోజులుగా నా మనసులో తిరుగుతూనే ఉంది. "అచ్చమాంబను చదివానమ్మా. ఏముంది అందులో? ఆడవాళ్ళు చదువుకుంటే ఇంకా మంచి ఇల్లాళ్ళవుతారట. అంతా పాతివ్రత్యమే. అడిగిందల్లా చదువు, అదెంత చిన్న కోరిక! దీన్నా నువ్వు ఇన్నేళ్ళుగా నెత్తిన పెట్టుకున్నది?" అన్నావు. నేనప్పుడు జవాబు చెప్పలేదు. ఫోన్లో అయితే నువ్వొకటి అంటావు, నేనొకటి అంటాను, చివరికి అన్నం తిన్నావా, దగ్గు తగ్గిందా అనే దగ్గరికి వచ్చేస్తాం. ఇది అలా పోవాల్సిన విషయం కాదు. అందుకే కాగితం తీశాను.

నువ్వు మరాఠీ రచయిత్రి తారాబాయి షిండేని చదివిన వేడిలో అచ్చమాంబను తెరిచావు. తారాబాయి తర్వాత ఎవరిని చదివినా చప్పగానే అనిపిస్తుంది. సూరత్‌లో విజయలక్ష్మి అనే వితంతువుకు, పుట్టిన బిడ్డను చంపిందని 1881లో ఉరిశిక్ష వేశారు. దాంతో పత్రికలు ఆడవాళ్ళ నీతి మీద పాఠాలు మొదలుపెట్టాయి. బుల్ఢానాలో ఉన్న తారాబాయికి ఒళ్ళు మండింది. మరుసటి ఏడాదే మరాఠీలో 'స్త్రీ పురుష తులన' రాసింది. ఆడదానికి అంటగట్టిన దుర్గుణాలను ఒక్కొక్కటే బయటికి తీసి, ఇది మీలో లేదా, ఇది మీలో లేదా అని మగవాళ్ళను నిలబెట్టి అడిగింది. చదువుతుంటే మనకే ఊపిరాడదు.

కానీ ఆ తర్వాత ఏమైందో కూడా చూడు. ఆమె మీద విరుచుకుపడ్డారు. జ్యోతిరావు ఫూలే వెనకేసుకొచ్చినా ఆమె మళ్ళీ ఇంకో పుస్తకం వేయలేదు. 1975లో తిరిగి అచ్చయ్యేదాకా ఆ పుస్తకాన్ని లోకం మర్చిపోయే ఉంది. తారాబాయి కోపం నాకూ ఇష్టమే. నేననేది ఒక్కటే. అచ్చమాంబ ఎంచుకున్న దారి వేరు. ఆమె ఎక్కడ నిలబడి రాసిందో చూడకుండా తీర్పు చెప్పొద్దు.

ఆమె 1874లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టింది. సరిగ్గా ఆ ఏడాదే వీరేశలింగం గారు ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టారు. ఆ బడి ఆమెకు అందలేదు. ఏ బడీ అందలేదు. చిన్నప్పుడే తండ్రి పోయాడు, పదేళ్ళకే పెళ్ళి చేశారు. భర్త భండారు మాధవరావు గారికి ఉద్యోగం ఎక్కడో మధ్యపరగణాల్లో, ఇప్పటి మధ్యప్రదేశ్, మహారాష్ట్రల వైపు. తమ్ముడు చదువు కోసం అక్క దగ్గర ఉన్నాడు. తర్వాత తెలుగు పుస్తకాలు అచ్చువేసే విజ్ఞాన చంద్రికా మండలి పెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారే ఆ తమ్ముడు. అతను చదువుకుంటుంటే అక్క నేర్చుకుంది. ముందు తెలుగు, హిందీ. ఆపైన మరాఠీ, బెంగాలీ, గుజరాతీ.

నేను పాతికేళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని. ఎదురుగా బెంచీ మీద కూర్చున్న పిల్లకు, ఆ పిల్ల కోసమే తయారు చేసుకున్న పాఠం ఎక్కించడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఇంకొకరి చదువు పక్కన కూర్చుని, ఇంటిపని మధ్యలో అక్షరాలు పట్టుకుని, చివరికి ఐదు భాషల పుస్తకాలు తిరగేసే దాకా వెళ్ళిందంటే ఆ పట్టుదల ఎలాంటిదో నాకు ఊహకందదు. పుట్టిన ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. 1905 జనవరి 18న పోయింది. అప్పటికి ఆమె వయసు ముప్ఫై. నీకంటే నాలుగేళ్ళు పెద్ద, అంతే.

ఆ ముప్ఫై ఏళ్ళలోనే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. అది ముందు 'చింతామణి' పత్రికలో వచ్చి, 1901లో పుస్తకమైంది. 'అబల' అన్న మాట చూసి నువ్వు మొహం చిట్లించి ఉంటావు. నేనూ మొదట్లో అంతే. కానీ ముందుమాట దగ్గర ఆగు, హడావిడిగా దాటేయకు. ఆడవాళ్ళు అబలలు, బుద్ధిలేనివాళ్ళు, వివేకం లేనివాళ్ళు అని కొందరు నింద వేశారు, అది అబద్ధమని రుజువు చేయడమే నా మొదటి ఉద్దేశం అంటుంది. చదువు చెప్పిస్తే, స్వేచ్ఛ ఇస్తే ఆడవాళ్ళు చెడిపోతారనే వాదనకు కూడా ఆధారం లేదని చూపిస్తానంటుంది. అంటే ఆ పుస్తకం పేరులో ఉన్న 'అబల' ఆమె ఒప్పుకున్న మాట కాదు, కొట్టేయడానికి ముందుకు తెచ్చిన మాట. ఆ తర్వాత వందల పేజీల్లో రాజ్యాలేలిన వాళ్ళను, యుద్ధాలు చేసిన వాళ్ళను, పండితురాళ్ళను వరసగా తెచ్చి నిలబెట్టింది. వీళ్ళను అబలలంటారేమో అనండి, చూద్దాం అన్నట్టు.

నాకు అందులో నచ్చింది ఆ రుజువు చేసే ఓపిక. తిట్టేసి తప్పుకోవడం తేలిక అని నేననను, ఆ రోజుల్లో అదీ తేలిక కాదు. కానీ అప్పటికి తెలుగులో ఆడవాళ్ళ చరిత్ర అని చేతికి అందే పుస్తకమేదీ? ఒక్కో మనిషి గురించి ఒక్కో భాషలో ఎక్కడో రెండు ముక్కలుంటే వెతికి, ఏరి, పోల్చి రాయాలి. మూడు భాగాలుగా అనుకుంది. మొదటి దాంట్లో మన దేశ చరిత్రలోని స్త్రీలు, రెండో దాంట్లో వేద పురాణ కాలాల వాళ్ళు, మూడో దాంట్లో విదేశీ స్త్రీలు. మొదటిది పూర్తయింది. రెండోది మొదలుపెట్టింది. మూడోదాకా ఆయుష్షు ఆగలేదు.

నువ్వు ఆక్షేపించిన పాతివ్రత్యం మాట నిజమే. అది ఉంది. నేను దాన్ని కప్పిపుచ్చను. మొగుణ్ణి దేవుడనుకోవాలనే ధోరణి కనిపించిన చోటల్లా నాకూ పంటి కింద రాయిలాగే ఉంటుంది. పైగా ఆమె ఎక్కువగా మాట్లాడింది పత్రిక తెప్పించుకునే ఇళ్ళ ఆడవాళ్ళతో. పొద్దున్నే కూలికి పోయే ఆడదాని బతుకు ఆ పేజీల్లోకి అంతగా రాలేదు. అది లోటే. అయితే ఆ పత్రికలు చదివేవాళ్ళ వెనక, అవి కొనిపెట్టే మగవాళ్ళున్నారని గుర్తు పెట్టుకో. ఆ మగవాడు విసిరికొడితే పుస్తకం ఆవిడ దాకా చేరదు. మంచి ఇల్లాలవుతుంది అనే మాట ఎన్నో ఇళ్ళ తలుపులు తెరిపించిందని నా నమ్మకం. ఆ తలుపులోంచి లోపలికి వెళ్ళింది మాత్రం చదువు.

అచ్చమాంబ కాగితం దగ్గరే ఆగిపోలేదు కూడా. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టింది. ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళతో మాట్లాడింది. గడప దాటని ఆడవాళ్ళు పదిమంది ఒకచోట కూర్చుని, ఇంటి సంగతులు కాకుండా ఇంకో విషయం మాట్లాడుకోవడం ఆ రోజుల్లో ఎంత పెద్ద సంగతో, మీ హాస్టల్లో రాత్రి రెండింటిదాకా వాదించుకునే నీకు చెప్పినా తెలియడం కష్టం.

కథల దగ్గరికి వస్తాను. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' తొలి తెలుగు కథా, అంతకు ముందే రాసిన అచ్చమాంబది తొలి కథా అనే వాదన నువ్వూ వినే ఉంటావు. ఆ పందెం నాకు పట్టదు. నన్ను బాధపెట్టేది, ఆమె కథలు ఒకచోట పుస్తకంగా రావడానికి 2010 దాకా పట్టడం. నేను చదువుకునే రోజుల్లో ఆమె నాకు లక్ష్మణరావు గారి అక్కగా మాత్రమే తెలుసు. 'ధనత్రయోదశి' చదివావు కదా. పండగ పూట ఇంట్లో చిల్లిగవ్వ లేక, భర్త యజమాని డబ్బుకు ఆశపడితే భార్య అడ్డుపడుతుంది. నీకు అది సుగుణాల ఇల్లాలి కథలా కనిపించింది. నాకైతే, ఆ ఇంట్లో ఏది తప్పో ఏది ఒప్పో తేల్చిన మనిషి ఎవరో కనిపించింది.

నువ్వు అసలు ప్రస్తావించనిది 'స్త్రీ విద్య'. 1902లో 'హిందూ సుందరి' పత్రికలో వచ్చింది. కథంతా భార్యాభర్తల సంభాషణే. భర్త దూరం వెళ్ళబోతూ భార్యను చదువుకోమంటాడు. జనం ఏమంటారో అని ఆవిడ జంకు. ఆయన నచ్చజెబుతాడు. దూరంగా ఉన్నప్పుడు ఇద్దరికీ మధ్య ఉండేవి ఉత్తరాలే కదా, అవి ఇంకొకరి చేత చదివించుకునే అవసరం ఎందుకుండాలి? అందులోనూ చదువుకోమని చెప్పింది మగవాడే కదా అని నువ్వు అంటావు. అను. నేను ఆ కథ చదివిన రోజు నాకు ఆ భర్త గుర్తులేడు. మా అమ్మ గుర్తొచ్చింది.

నీకు ఎప్పుడూ చెప్పలేదు ఇది. మీ తాతయ్య మద్రాసులో పనిచేసిన రోజుల్లో ఇల్లు, పొలం, నేను అన్నీ మీ అమ్మమ్మ మీదే. నెలకో ఇన్‌లాండ్ లెటర్ వచ్చేది. అమ్మమ్మకు అక్షరం ముక్క రాదు. ఆ నీలం కాగితం కొంగులో పెట్టుకుని కొట్టు దగ్గరికి వెళ్ళి, బేరం తగ్గేదాకా పక్కన నిలబడేది. కొట్టాయన చింతపండు తూకం వేస్తూ, మధ్యమధ్యలో ఒక్కో వాక్యం గట్టిగా చదివేవాడు. వచ్చినవాళ్ళూ పోయేవాళ్ళూ అందరూ వినేవాళ్ళు. "అందరూ క్షేమమని తలుస్తాను. మనియార్డరు అందిందా. గేదె ఈనిందా. పిల్లను బడి మాన్పించవద్దు." ఎప్పుడూ అవే నాలుగు ముక్కలు. నేను మూడో తరగతికి వచ్చాక ఆ పని నాకు వచ్చింది. అప్పుడూ అవే నాలుగు ముక్కలు. నాన్న బొత్తిగా మాట రాని మనిషి అనుకునేదాన్ని. చదివేది ఇంకొకరని తెలిసి రాసే ఉత్తరంలో ఎవరైనా ఏం రాస్తారని తట్టే వయసు కాదు నాది.

1991లో మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి అన్నాలయ్యాక గుడి దగ్గర లాంతరు కింద క్లాసు. అమ్మమ్మకు అప్పటికి నలభై ఆరేళ్ళు. పలక పట్టుకుని పోవడం సిగ్గని, పైట కింద దాచుకుని పోయేది. ఆ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, తాగుబోతు మొగుడి వల్ల నలిగిపోయిన ఆడదాని కథ. దూబగుంటలో ఆడవాళ్ళు ఆ పాఠం చదువుకుని, మన ఊళ్ళో జరిగేదీ ఇదే కదా అని సారా దుకాణం మూయించారు. వాళ్ళు చేసిన పని తర్వాతి వాచకంలో 'ఆడవాళ్ళు ఏకమైతే' అని మళ్ళీ పాఠమైంది. అది చదివి ఊరూరా ఆడవాళ్ళు లేచారు. మన ఊరి సారా పాక ముందు కూర్చున్న వాళ్ళలో అమ్మమ్మ కూడా ఉంది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. ఇదంతా నువ్వు పుస్తకాల్లో చదివే ఉంటావు. మొదలైంది మాత్రం లాంతరు కింద, కూడబలుక్కుని చదివిన ఒక పాఠంతో. చదువు అడగడం చిన్న కోరిక అని నువ్వన్నప్పుడు నాకు ఆ లాంతరు కళ్ళ ముందు కదిలింది.

ఆ క్లాసులు మొదలైన కొన్ని నెలలకు అమ్మమ్మ మీ తాతయ్యకు పోస్టు కార్డు రాసింది. నన్ను చెయ్యి వేయనివ్వలేదు. నాలుగు లైన్లకే కార్డు నిండిపోయింది, అంత పెద్ద పెద్ద అక్షరాలు. ఒత్తులు సగం లేవు. నేను దిద్దబోతే "ఆయనకు అర్థమవుతుందిలే" అని లాక్కుంది.

పది రోజులకు జవాబు వచ్చింది. ఇన్‌లాండ్ లెటరే. అలవాటు కొద్దీ నేను చెయ్యి చాపాను. అమ్మమ్మ ఇవ్వలేదు. దొడ్లోకి పోయి, రోటి పక్కన కూర్చుని, అంచులు చిరగకుండా చీపురుపుల్లతో విప్పింది. వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం మీద ఆగుతూ, పెదవులు కదుపుతూ చదివింది. అన్ని మడతలూ తిప్పి చదవడానికి అరగంట పట్టి ఉంటుంది. మధ్యలో ఒకసారి ఆగి, కొంగుతో మొహం తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. తర్వాత మడిచి రొంటిన దోపుకుని, ఏమీ జరగనట్టు బియ్యం చేట తీసుకుంది.

"ఏం రాశాడమ్మా నాన్న?" అని అడిగాను.

"నాకు రాశాడులే" అంది.

ప్రేమతో,
అమ్మ