నాయనమ్మ గుండు మీది గంధం

తిరుపతి

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

నువ్వు సరిచేసి పంపిన నాయనమ్మ ఫోటోను నిన్న రాత్రి స్టూడియో మూసే ముందు పెద్దదిగా చేసి చూశాను. పాత ప్రింటును కప్పిన పొగ లాంటి మసక పూర్తిగా పోయింది, చాలా సంతోషం. కానీ తల్లీ, గుండు మీద గంధం కనబడడం లేదు.

ఆ రోజు నాయనమ్మ కొండమీద తలనీలాలు ఇచ్చి, దర్శనం చేసుకుని, దిగగానే నేరుగా స్టూడియోకే వచ్చింది. తాతయ్య తెల్లగోడ ముందు నిలబెట్టి ఫోటో తీశారు. అసలు ప్రింటును కిటికీ వెలుతురులో పట్టుకుంటే, ఎండిన గంధం చెవి పైన సన్నగా బీటలు వారి ఉంటుంది. మూడు వేళ్ల చారలు కూడా తెలుస్తాయి. అవి తాతయ్య వేళ్లు. నీ ఫోటోలో తలా గోడా ఒకటే తెలుపైపోయాయి.

అందుకే ఈ ఉదయం స్కాన్‌ను ఫోటోలు సరిచేసే గింప్ ప్రోగ్రాంలో తెరిచి, వెలుగునీడలు సర్దే లెవెల్స్ పెట్టెలో హిస్టోగ్రామ్ అనే గీతల పటం చూశాను. ఎడమ చివర 0 అంటే కటిక నలుపు, కుడి చివర 255 అంటే మెరుపు తెలుపు. ఏ మెట్టు మీద ఎన్ని పిక్సెళ్లున్నాయో అక్కడి గీత అంత ఎత్తు. మన ఫోటోలో గుట్ట 48 దగ్గర మొదలై 210 దగ్గర ఆగిపోయింది. అటూ ఇటూ ఖాళీయే. మసకకు కారణం అదే.

హిస్టోగ్రామ్ కింద ఉండే నల్ల త్రికోణాన్ని 48కి, తెల్లదాన్ని 210కి జరిపితే చాలు, ఆ రెండే కొత్త 0, 255 అవుతాయి. గంధం 188 దగ్గర ఉంది, గోడ 204 దగ్గర. ఈ 16 మెట్ల తేడా సాగి 25 అవుతుంది, చారలు ఇంకా బాగా తేలతాయి. నువ్వు తెల్ల త్రికోణాన్ని గుట్ట లోపలికి, దాదాపు 180 వరకు లాగి ఉంటావు. అప్పుడు 180 దాటినవన్నీ 255 అయిపోతాయి. అలా సేవ్ చేసిన ఫైలులోంచి ఆ తేడాను ఇక ఎవరూ వెనక్కి తేలేరు. గుట్ట అంచును తాకగానే చెయ్యి ఆపు. కుడి చివర గోడ గీతలకు కాస్త ఎడమగా, పలచగా కనిపించే ఆ నాలుగు గీతల్లోనే గంధం ఉంది.

ముఖం ఇంకా నల్లగా అనిపిస్తే మధ్య త్రికోణాన్ని కొంచెం ఎడమకు జరుపు, చివరలు కదలవు. మెట్లను తనంతట తానే పంచేసే ఈక్వలైజ్ మాత్రం ఈ ఫోటోకు వద్దు. పిక్సెళ్లు ఎక్కువగా ఉన్నచోటికే అది ఎక్కువ మెట్లు పంచుతుంది. ఇక్కడ ఎక్కువగా ఉన్నది గోడే కాబట్టి, గోడ మీది మరకలన్నీ పైకి లేచి, నాయనమ్మ వెనక్కి పోతుంది.

ఇంకొక మాట. 8 బిట్ల స్కాన్‌లో ఉండేవి 256 మెట్లే, దాన్ని ఇలా సాగదీస్తే 163 మెట్లు 256 చోట్ల సర్దుకోవాలి. హిస్టోగ్రామ్ దువ్వెన పళ్లలా విడిపోతుంది, నున్నటి గోడ మీద పట్టీలు కనిపించవచ్చు. అందుకని ప్రింటును మళ్లీ 16 బిట్లలో స్కాన్ చేశాను, అందులో 65,536 మెట్లుంటాయి. టిఫ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి, అమ్మ పంపుతున్న చింతకాయ పచ్చడితో పాటు కట్టాను. మూలం ముట్టుకోకుండా నకలు మీదే పని చెయ్యి.

సంవత్సరీకానికి ఇంకా పన్నెండు రోజులుంది. నేనే చేసేయగలను, కానీ అది నీ చేతి మీదుగా రావాలని నా కోరిక. నువ్వు పంపగానే ప్రింటు తీసి, తాతయ్య ఫోటో పక్కన పెడతాను. మేకు ఇప్పటికే కొట్టి ఉంచాను.

ప్రేమతో,
నాన్న